తెల్లగా మిగిలిన జిల్లా

పోయిన వారం మనం డాక్టర్ అర్చనను ఆళ్ళగడ్డ బస్టాండులో, ఒక కాలు నంద్యాల బస్సు మెట్టు మీద పెట్టి ఫోను వంక చూస్తూ నిలబడిపోయినచోట వదిలిపెట్టాం. పది రోజులుగా ఎదురుచూస్తున్న మెయిల్ చెన్నై ల్యాబు నుంచి అప్పుడే వచ్చింది. వెనక ఎక్కేవాళ్ళు తొందరపెడితే ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. మొదటి పేజీలో ఉన్న మొత్తం లెక్క చదివింది. రెండో పేజీ తెరవడానికి మాత్రం వేలు కదల్లేదు.

ఆ రెండో పేజీలో నూట అరవై మూడు వరుసలున్నాయి. ఒక్కో వరుస ఒక్కో మనిషి రక్తం. చివరి వరుస యెషయాది.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళకు యెషయా ఎవరో చెప్పాలి. ఆళ్ళగడ్డకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో తూములపల్లె అని ఒక ఊరు. అక్కడ ముప్పై ఒక్కేళ్ళ కూలి మనిషి. వరి మడుల్లో పని చేసేవాడు, పిల్లకాలువల్లో దిగి తూటికాడ పీకేవాడు. జ్వరం వచ్చిన మూడో రోజు అర్చన డాక్టరుగా ఉన్న తూములపల్లె ఆరోగ్య కేంద్రానికి నడిచి వచ్చాడు. మలేరియా లేదు, డెంగీ లేదు, టైఫాయిడ్ లేదు. జ్వరం బిళ్ళలిచ్చి పంపింది. ఆరో రోజు మళ్ళీ వచ్చేసరికి కళ్ళు పచ్చబడ్డాయి. వెంటనే నంద్యాల పంపింది. ఎనిమిదో రోజు పోయాడు. తాగి తాగి కాలేయం చెడగొట్టుకున్నాడని ఊరు తీర్పు చెప్పేసింది. "నా మొగుడు చుక్క ముట్టినోడు కాదు" అని అతని భార్య బ్లెస్సీ సమాధి పక్కన నిలబడి అరిచింది. విన్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు. అది జరిగి పన్నెండు రోజులు.

"తెరవండి మేడం," అన్నాడు పక్క సీట్లోని జకరయ్య.

"నాకు ధైర్యం లేదన్నా."

జకరయ్య కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. నవంబరు ఎండలో కోతకొచ్చిన వరి మడులు, నడుమ నడుమ మొన్నటి వాన నీళ్ళు నిలిచి మెరుస్తున్నాయి.

"అయితే ఆడనే తెరుస్తాం లే. అందరి ముందర తెరిస్తే మనం ఏందో దాచినాం అనే మాట రాదు."

ఆ మనిషిని చూస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. ఉయ్యాలవాడ వాడు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కాలో, జేబులో రెండు పెన్నులతో ఉంటాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. రెండేళ్ళ కింద అర్చన డాక్టరుగా చేరినప్పుడు ఆ ల్యాబు గదిలో ఆమెకు మొదట కనిపించింది ఒక ఐస్‌క్రీం పెట్టె. నిజంగా ఐస్‌క్రీం పెట్టే. ఆళ్ళగడ్డలో మూతపడిన కూల్‌డ్రింకు షాపు నుంచి చెడిపోయినదాన్ని తెచ్చి తన చేతులతోనే బాగు చేసుకున్నాడు. పక్కన కోను ఐస్‌క్రీం బొమ్మ ఇంకా చెరగలేదు. మూత తీస్తే లోపల వరుసగా చిన్న చిన్న గొట్టాలు, గడ్డకట్టిన లేత పసుపు ద్రవంతో.

"ఏంటివి?"

"ఏం జరమో తెలీని వాళ్ళ రక్తంలోది, మేడం. పైన తేరుకున్న సీరం."

"తీసెయ్యండి. ఇది ల్యాబా, కొట్టా?" అంది అర్చన ఆ రోజు.  ఆయన పెట్టెను మెట్ల కింద మూలకు జరిపాడు, అంతే. ఎండాకాలంలో కరెంటు పోతే ఆ గొట్టాలన్నీ టీకాల డబ్బాలాంటి ఒక డబ్బాలో సర్దుకొని, పొద్దున మొదటి బస్సుకు నంద్యాల ఐసు ఫ్యాక్టరీకి తీసుకుపోయేవాడు. సాయంత్రం ఇంకా గడ్డగానే ఉన్నవాటిని వెనక్కి తెచ్చేవాడు. ఒక్క మే నెలలో పదకొండుసార్లు అలా తిరిగాడని ఆమెకు తర్వాత నర్సు చెప్పింది. యెషయా పోయిన మరునాడు ఆ డబ్బానే ఐసు కూరి చెన్నైకి పంపించారు ఇద్దరూ.

తీసెయ్యమన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా అర్చనకు చెవులు వేడెక్కేవి. ఇవాళ బస్సులో కూడా వేడెక్కాయి.

నంద్యాలలో సమావేశం పదకొండు గంటలకు. చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు ముందు వరుసల్లో, ల్యాబు వాళ్ళు, నర్సులు వెనక కుర్చీల్లో కూర్చున్నారు. పాములపాడు వాళ్ళు, కొత్తపల్లె వాళ్ళు కూడా వచ్చారు. మాట్లాడేది డాక్టర్ నారాయణ. రాష్ట్రమంతటా అంటువ్యాధుల పోకడలు గమనించే పెద్ద మనిషి. తెల్ల జుట్టు, నెమ్మదైన గొంతు. మూడు దశాబ్దాలుగా వరదల వెంట, జ్వరాల వెంట తిరిగినవాడని పేరు. ఒక అంకె తప్పు చెబితే ఎంతటివాళ్ళనైనా అక్కడే ఆపుతాడని కూడా పేరు.

తెర మీద దేశపటం పడింది. నీలం రంగు ముదిరినకొద్దీ జబ్బు ఎక్కువ. కేరళ సిరా ఒలికినట్టు ఉంది. అండమాన్ దీవులు నల్లటి చుక్కలు. గుజరాత్ దక్షిణపు కొస, కొంకణ తీరం, తమిళనాడు ఒక్కో రకం నీలం.

"లెప్టోస్పైరోసిస్," అన్నాడాయన. "మన జనం ఎలుక జ్వరం అంటారు. ఎలుకల మూత్రం నీళ్ళలో, బురదలో కలుస్తుంది. పశువులది, కుక్కలది కూడా. ఆ నీళ్ళలో దిగినవాళ్ళ కాళ్ళ పగుళ్ళలోంచి, గాట్లలోంచి క్రిమి లోపలికి పోతుంది. ఒకప్పుడు దీవుల జబ్బు, తీరప్రాంతపు జబ్బు అనుకున్నాం. ఇప్పుడు ఈ గీత చూడండి."

పటం పోయి ఒక గీత వచ్చింది. ఏడాదికేడాది పైకి ఎక్కుతోంది. వానలకు ఒక గుట్ట, వానలు వెళ్ళాక దిగుడు, మళ్ళీ అంతకంటే ఎత్తైన గుట్ట.

"దేశం మొత్తం మీద కేసులు పెరుగుతున్నాయి. పొలాల్లో మగవాళ్ళలో ఎక్కువ. ఇప్పుడు నాట్లు వేసే ఆడవాళ్ళలో, పట్నాల్లో కాలువలు శుభ్రం చేసేవాళ్ళలో కూడా కనిపిస్తోంది. అయితే ఒక మాట గుర్తుపెట్టుకోండి. రోగం పెరిగిందా, పరీక్షలు పెరిగాయా అన్నది ఈ గీత చెప్పదు. ఎక్కువ వెతికినచోట ఎక్కువ దొరుకుతుంది. అందుకని గీతను చూసి వణికిపోకండి." పటం మళ్ళీ తెచ్చాడు. కర్రతో ఒకచోట చూపించాడు. "మీ జిల్లా ఇదిగో. తెల్లగా ఉంది. ఇక్కడ మీరు డెంగీ మీద దృష్టి పెడితే చాలు."

అర్చన లేచి నిలబడింది. 

"సార్, మా దగ్గర ఒక మనిషి చనిపోయాడు. జ్వరం, కళ్ళ ఎరుపు, పిక్కల నొప్పి, తర్వాత కామెర్లు. ఎలుక జ్వరమే అనుకుంటున్నాం."

"అనుకుంటున్నారా, తేలిందా?"

"చెన్నై నుంచి రిపోర్టు వచ్చింది సార్. ఒక్కరిది కాదు. నూట అరవై మూడు మందిది. నలభై ఒక్కటి తేలాయి."

 నారాయణ కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"నూట అరవై మూడు శాంపిల్స్ మీ ఆరోగ్య కేంద్రం నుంచి ఎలా వచ్చాయి? ఎవరు తీశారు?"

వెనక వరుసలో కుర్చీ కిర్రుమంది. "నేనే సార్." జకరయ్య లేచాడు. "తొమ్మిదేండ్ల నుంచి దాస్తాండా."

"ఎవరు చెప్పారు దాచమని?"

"ఎవరూ చెప్పలే సార్."

"ఎవరి అనుమతితో దాచావు?"

"ఆ రక్తం ఇచ్చినోళ్ళను అడిగినా సార్. మిగిలింది దాచిపెడతా, ఎప్పుడన్నా కొత్త పరీక్ష వస్తే చూపిస్తా అని చెప్పినా. సంతకం వచ్చినోళ్ళు సంతకం పెట్టినారు, రానోళ్ళు వేలిముద్ర వేసినారు. ఆ కాయితాలు తెచ్చినా."

"అది చాలదని తెలుసా? ఇలాంటివాటికి అనుమతులిచ్చే ఒక కమిటీ ఉంటుంది. ముందు వాళ్ళకు రాయాలి."

"చాలదని ఇప్పుడు తెలిసింది సార్. ఆ దారి నాకు తెల్దు. తప్పయితే తప్పే. దానికి ఏమన్నా ఉంటే నా మీదనే రాయండి, మేడం మీద వద్దు."

ముందు వరుసలో ఎవరో నవ్వాపుకున్నారు. నారాయణ నవ్వలేదు.

"ఎందుకు చేశావు ఈ పని?"

జకరయ్య చేతులు కట్టుకున్నాడు. ప్రసంగాలు చెయ్యడం వచ్చినవాడు కాదు.

"నేను చీటీ మీద నెగటివ్ అని రాస్తాను సార్. మలేరియా నెగటివ్, డెంగీ నెగటివ్. ఆ చీటీ తీసుకున్నోళ్ళు జబ్బేం లేదంట అని సంతోషపడతారు. మర్సటి రోజు మళ్ళా మడిలో దిగుతారు. నేను రాసింది ఫలానా జబ్బులు కాదు అని. వాళ్ళకు వినబడింది ఏ జబ్బూ లేదని. కొందరు మళ్ళా వస్తారు, కండ్లు పచ్చగయి. కొందరు రారు. నా చేత్తో రాసిన చీటీ అట్ల అబద్ధం అయిపోతాంటే నాకు మనసొప్పల్యా. ఇప్పుడు తెలీకపోతే రేపన్నా తెలుస్తాది గదా అని దాచినా."

అర్చన తల దించుకుంది. ఆ చీటీ చూసి యెషయాను ఇంటికి పంపింది తనే.

నారాయణ తెర ముందు నుంచి నడుచుకుంటూ వెనక వరుస దాకా వచ్చాడు. ఇప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. అంతకంటే కష్టమైనది ఉంది, పరీక్ష పెట్టేవాడి శ్రద్ధ.

"ఎవరి రక్తం దాచాలో ఎలా నిర్ణయించావు? ఇష్టం వచ్చినట్టేనా?"

"లేదు సార్. జరం నాలుగు రోజులు దాటి ఉండాల. మూడు పరీక్షలూ నెగటివ్ రావాల. పిక్కలు పట్టుకుంటే అరవాల, లేకుంటే పుసి లేకుండా కండ్లు ఎర్రగా ఉండాల. ఇవన్నీ ఉంటేనే దాచినా."

"తొమ్మిదేళ్ళలో ఈ నియమం ఎప్పుడైనా మార్చావా?"

"లేదు సార్."

"ఒక్కసారైనా? ఈ మధ్య అనుమానం పెరిగి, ఇంకొంచెం వదులుగా?"

"మారిస్తే ఈ ఏడుదీ ఆ ఏడుదీ పక్కపక్కన పెట్టలేం గదా సార్. మార్చలే."

నారాయణ ఆగిపోయాడు. అర్చన దగ్గర నుంచి చూసింది. ఆ తెల్లజుట్టు మనిషి ముఖంలో ఏదో మెల్లగా మారింది.

"జ్వరంతో వచ్చేవాళ్ళే ఎక్కువయ్యారేమో?"

"ఏటా రెండు వేలకు అటూ ఇటూ సార్. నేనే స్లయిడ్లు చూస్తా గదా. పెద్ద తేడా లేదు."

"మొదటి ఏడాది ఎన్ని దాచావు?"

"పన్నెండు."

అర్చన ఫోను తెరిచింది. ఇక వాయిదా వెయ్యడానికి వీల్లేదు. రెండో పేజీ. "పన్నెండులో ఒకటి తేలింది సార్," అంది.

"ఈ ఏడాది?"

"ఇరవై ఏడు దాచినా సార్, ఇంతవరకు," అన్నాడు జకరయ్య.

అర్చన వేలితో కిందికి జరుపుకుంటూ పోయింది. ఒక్కో ఏడాది మెట్టులా కనిపించింది. ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది. "ఇరవై ఏడులో పదకొండు."

చివరి వరుస దగ్గర ఆమె వేలు ఆగింది. నూట అరవై మూడు. మగ, ముప్పై ఒకటి, తూములపల్లె, కాలువ పని. పక్కన రెండు పరీక్షల్లోనూ ఒకే మాట. ఉంది. ఉంది.

 జకరయ్య ఆమె ముఖం చూసి తెలుసుకున్నాడు. చొక్కా జేబులోని పెన్నులను ఊరికే ఒకసారి సర్దుకున్నాడు.

నారాయణ హాలు వైపు తిరిగాడు.

"ఇందాక నేనేం చెప్పాను? పెరుగుతున్నది రోగమో, వెతకడమో గీత చెప్పదన్నాను. దేశం మొత్తం మీద మాకున్న తలనొప్పి అదే. ఒక ఏడాది పరీక్ష కిట్లు ఉంటాయి, ఇంకో ఏడాది ఉండవు. ఒక డాక్టరు అనుమానిస్తాడు, ఇంకొకడు అనుమానించడు. ఈయన తొమ్మిదేళ్ళు ఒకే కొలబద్ద పట్టుకుని నిలబడ్డాడు. ఒకే గది, ఒకే మనిషి, ఒకే నియమం. చిన్న సంఖ్యే. ఒక్క ఆరోగ్య కేంద్రమే. దీన్ని పట్టుకుని జిల్లా అంతా ఇలాగే ఉందని నేను అనను, మీరూ అనకండి. కానీ ఇది వెతకడం పెరిగినందువల్ల పెరిగిన గీత కాదు."

ఆయన వెనక్కి వెళ్ళి తెర మీది పటం ముందు నిలబడ్డాడు. తెల్లగా ఉన్న జిల్లా వైపు కాసేపు చూశాడు.

"ఈ తెలుపుకి అర్థం జబ్బు లేదని కాదు..." అంటూ ఆగాడు.

"చూడల్యా అని సార్," అన్నాడు జకరయ్య వెనక నుంచి.

"అవును. చూడలేదని." నారాయణ తల ఊపాడు. "మీ పేరేమిటన్నారు?"

ఇందాకటి నుంచి నువ్వు అన్న మనిషి మీరు అన్నాడు. హాలులో అందరికంటే ముందు ఆ తేడా విన్నది అర్చనే అయ్యుండాలి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పాములపాడు నర్సులు లేచి నిలబడ్డారు. జకరయ్యకు ఏం చెయ్యాలో తోచక తనూ రెండు చప్పట్లు కొట్టాడు.

మధ్యాహ్నం భోజనం కాకముందే నారాయణ ఉత్తర్వులు రాయించాడు. అన్ని ఆరోగ్య కేంద్రాల్లో ఇకనుంచి ఇలాంటి జ్వరం వస్తే రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మాత్రలు మొదలుపెట్టాలి. కాలువల్లో, బురదలో దిగేవాళ్ళకు ముందుజాగ్రత్తగా ఎలా ఇవ్వాలో వారంలో చెబుతామన్నాడు. పాత గొట్టాలకు కావలసిన కమిటీ కాయితాలు తానే నడిపిస్తానన్నాడు. "రాబోయేవాటికి మాత్రం ముందే రాయండి," అన్నాడు జకరయ్యతో, భుజం మీద చెయ్యి వేసి.

జకరయ్య అడిగింది ఒక్కటే. "సార్, యెషయా సంగతి మీ సంతకంతో ఒక కాయితం ఇస్తారా?"

సాయంత్రం నాలుగు దాటాక తూములపల్లెలో ఆటో దిగారు. బ్లెస్సీ ఇంటి ముందు బండ మీద కూర్చుని పళ్ళెంలో బియ్యం ఏరుతోంది. ఇరవై ఏడేళ్ళు ఉంటాయి. ముఖం వాడిపోయింది గానీ చూపు వాడిపోలేదు. డాక్టరమ్మను చూసి లేవలేదు.

"ఏందీ, మళ్ళా వచ్చినారు? ఇంక రక్తం ఇచ్చేకి ఈడ ఎవురూ లేరు."

ఆ వీధిలోనే ఉండే చర్చి పెద్ద సంజీవయ్య ఆటో చప్పుడు విని బయటికి వచ్చాడు. సమాధి దగ్గర తాగుడు గురించి నాలుగు మాటలు చెప్పింది ఆయనే. చుట్టుపక్కల ఇళ్ళ గుమ్మాల్లో ఆడవాళ్ళు నిలబడ్డారు.

దారి పొడుగునా అర్చన మాటలు కూర్చుకుంటూనే వచ్చింది. ఇక్కడికొచ్చాక అవన్నీ ఎటో పోయాయి. బండ మీద, బ్లెస్సీ పక్కనే కూర్చుంది.

"మీ ఆయన తాగి చనిపోలేదు బ్లెస్సీ. ఎలుక జ్వరంతో పోయినాడు. కాలువ నీళ్ళలోంచి వచ్చింది. రెండు పరీక్షల్లో తేలింది."

బ్లెస్సీ చేతిలోని పళ్ళెం కదల్లేదు.

"ఇంకొక మాట. మూడో రోజు నా దగ్గరికి వచ్చినాడే, ఆ పొద్దే నేను అనుమానపడి ఉంటే, దానికి మందు ఉంది. మా అలమారలోనే ఉంది. ఇచ్చి ఉంటే బతికేవాడో లేదో నేను చెప్పలేను. బతికే అవకాశం మాత్రం చాలా ఉండేది. ఇవ్వలేదు. నాకు తట్టలేదు."

 ఒక డాక్టరు ఇలాంటి మాట చెప్పడం ఆ గుమ్మాల్లోని వాళ్ళెవరూ ఎన్నడూ విని ఉండరు. జకరయ్య ముందుకొచ్చి, "చీటీ రాసింది నేను తల్లీ" అని ఏదో చెప్పబోయాడు. అర్చన చెయ్యెత్తి ఆపింది.

బ్లెస్సీ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తిడుతుందేమో అనుకుంది అర్చన. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"ఆ పొద్దు ఇంటికొచ్చి ఏం చెప్పినాడో తెలుసునా?" అంది బ్లెస్సీ చివరికి. "మేడం మంచిగా చూసింది, ఏం లేదంట, అన్నాడు. మీ మీద నమ్మకంతో పండుకున్నాడు." పళ్ళెంలో బియ్యం ఒక పక్కకు నెట్టింది.  "మీరు చెప్పకుండా ఉండొచ్చు. ఎవురికీ తెలిసేది కాదు. ఎందుకు చెప్పినారు?"

"నీకు తెలియాల్సిన మాట కాబట్టి."

బ్లెస్సీ పళ్ళెం పక్కన పెట్టింది. "తాగుబోతు కాదనే మాట కాయితం మీద ఉండాదా?"

జకరయ్య సంచిలోంచి తీసి ఇచ్చాడు. కింద నారాయణ సంతకం, తేదీ. బ్లెస్సీ పదో తరగతి దాకా చదివింది. ఒక్కో మాట మీద వేలు పెట్టుకుంటూ చదివింది. భర్త పేరు దగ్గర ఆ వేలు ఎక్కువసేపు ఆగింది. అప్పుడు ఏడ్చింది. పెద్దగా కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేట్టు. పక్కింటి ఆడవాళ్ళు దిగి వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు.

కాసేపటికి తనే ముఖం తుడుచుకుని, లేచి, కాయితం పట్టుకుని నేరుగా సంజీవయ్య ముందుకు పోయి నిలబడింది.

"పెద్దాయనా, ఆ పొద్దు అందరి ముందర చెప్పినావు గదా. ఆదివారం ఇది కూడా అందరి ముందర చదవాల. నువ్వే చదవాల."

సంజీవయ్య భుజం మీది టవలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "చదువుతాను తల్లీ," అన్నాడు.  ఆ కాయితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

అర్చన జకరయ్యనూ బ్లెస్సీనీ మార్చి మార్చి చూసింది. ఒకరు ఎవరూ అడగకుండా తొమ్మిదేళ్ళు ఐసు మోసిన మనిషి. ఒకరు పన్నెండు రోజులు ఊరంతా ఒకవైపు, తానొక్కతే ఒకవైపు నిలబడి మాట మార్చని మనిషి. తాను చదివిన పుస్తకాలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎక్కడా ఇలాంటివాళ్ళ ప్రస్తావన లేదే అనుకుంది.

"మేడం," బ్లెస్సీ మళ్ళీ వచ్చి కూర్చుంది. గొంతు ఇప్పుడు వేరేగా ఉంది. "కాలవ నీళ్ళలో నుంచి అంటిరి గదా. ఆ నీళ్ళలో దిగిన అందరికీ వస్తాదా?"

"అందరికీ రాదు. కొందరికి వస్తుంది. అందుకే వచ్చినాం. ఎవరెవరు దిగారో చెబితే అందర్నీ చూస్తాం, మాత్రలు తెచ్చినాను."

బ్లెస్సీ వేళ్ళు మడుస్తూ చెప్పింది. ఎనిమిది మంది. జకరయ్య జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. ఆరుగురు ఊళ్ళోనే ఉన్నారు, పొద్దున కూడా పనికి పోయారు, బాగున్నారు. మద్దిలేటి అనేవాడు పాములపాడు దిక్కు మొక్కజొన్న కోతకు పోయాడు. ఎనిమిదో వేలు మడవబోయి బ్లెస్సీ ఆగిపోయింది.

"ఆయన జరంతో పండుకున్నాక పని ఆగలేదు మేడం. మనిషి తక్కువైతే మేస్త్రీ ఊరుకోడు. ఆయన బదులు ఇంకొకడు దిగినాడు. వారం రోజులు దిగినాడు."

"ఎవరు?"

"నా తమ్ముడు. జోసెఫ్. వాడూ మద్దిలేటితోనే కోతకు పోయినాడు."

"ఎప్పుడు మాట్లాడినావు వాడితో?"

"అయిదు దినాలైంది. ఫోను చేస్తే ఎత్తడంల్యా. పనిలో ఉంటాడులే అనుకుంటి."

అర్చన జకరయ్య వైపు చూసింది. ఆయన అప్పటికే మద్దిలేటి నంబరు కోసం చెయ్యి చాచాడు. బ్లెస్సీ ఫోనులోంచే కలిపారు. చాలాసేపు మోగింది. స్పీకరులో గాలి హోరు, దూరంగా ట్రాక్టరు చప్పుడు, తర్వాత ఒక గొంతు.

"ఎవురూ?"

"నేను తూములపల్లె డాక్టర్ని. జోసెఫ్ ఎట్లున్నాడు?"

"ఏం చెప్పేది మేడం. నాలుగు దినాల నుంచి కాగిపోతాండాడు. పిక్కలు నొప్పని నిలబడలేకపోతాండాడు. కండ్లు చింతనిప్పుల మాదిరి అయినాయి, ఒళ్ళు పచ్చగ తిరిగింది." మద్దిలేటి గొంతు తగ్గించాడు. "నిన్న మధ్యాన్నం నుంచి ఒంటికి పోల్యా మేడం. ఒక చుక్క ల్యా."

అర్చన లేచి నిలబడింది. మూత్రం ఆగిందంటే మూత్రపిండాలు ఆగుతున్నాయి. ఇంక మాత్రలతో పని కాదు. గంటల లెక్క.

"మద్దిలేటీ, నా మాట విను. వాణ్ణి ఇప్పుడే పెద్దాసుపత్రికి చేర్చాల. అంబులెన్సు నేను పిలుస్తాను. వాడి పక్కనే ఉండు, ఎక్కడికీ కదలనియ్యొద్దు. ఫోను వాడికియ్యి."

 ట్రాక్టరు చప్పుడు మాత్రం వినిపించింది.

"మద్దిలేటీ!" అని అరిచింది బ్లెస్సీ. "యాడుండాడు నా తమ్ముడు?"

"ఈడ లేడు అక్కా. పచ్చకామెర్లకు పసరు పోసేటోళ్ళు ఉండారని ఎవురో ఇద్దరు చెప్పినారు. ఇంతకు ముందే ఆటోలో వేసుకొని ఆత్మకూరు దిక్కు పాయిరి. ఏ ఊరో నాకు చెప్పల్యా."